‘పరిశోధనలో తేలింది’ అని రాస్తారు, ఎవరి పరిశోధనో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను మీ పేపర్‌కి పాత పాఠకురాలినే గానీ ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి. ఈమధ్య ఆరోగ్యం పేజీలో ఒక చిన్న ఐటెమ్ వచ్చింది, మహా అయితే నాలుగు వాక్యాలు, రోజుకి పదివేల అడుగులు నడవక్కర్లేదు, ఏడున్నర వేలు చాలని పరిశోధకులు తేల్చారట. పక్కన బూట్లేసుకుని నవ్వుతూ నడుస్తున్న ఒకమ్మాయి ఫోటో. ఎవరా పరిశోధకులు, ఎప్పుడు తేల్చారు, ఎవరి నడక చూసి తేల్చారు, ఒక్క ముక్క లేదు. ఏడాది క్రితం అయితే చదివి ఊరుకునేదాన్ని, ఊరుకోవడం కూడా కాదు, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేసేదాన్ని. ఈసారి అలా చెయ్యలేదు, కూర్చుని వెతికా.

పబ్‌మెడ్ అని వైద్య పరిశోధనల డేటాబేస్ ఒకటి ఉంది, ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు. అందులో స్టెప్స్, మోర్టాలిటీ అని రెండు మాటలు ఇంగ్లీషులో కొట్టి, వేలకొద్దీ వస్తే ఇంకో మాట కలిపి, సంవత్సరాలు కుదించి, అలా ఇరవై నిమిషాల్లో అసలు పేపర్ దొరికింది. జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే జర్నల్‌లో 2019 లో వచ్చింది, మొదటి రచయిత పేరు ఐ-మిన్ లీ. చదువుతుంటే నాకు ఒక్కొక్కటే బయటపడింది. వాళ్ళు చూసింది 16,741 మందిని, అందరూ ఆడవాళ్ళే, సగటు వయసు 72. అంటే మీ ఫోటోలో అమ్మాయికి ఆ లెక్క వర్తిస్తుందో లేదో ఆ పేపర్ చెప్పనే లేదు, మగవాళ్ళ సంగతి అసలే లేదు. వాళ్ళకి ఏడు రోజులు అడుగులు లెక్కపెట్టే పరికరం పెట్టి, ఆ తర్వాత సగటున నాలుగేళ్ళ పైచిలుకు ఎవరు బతికున్నారు ఎవరు పోయారు అని చూశారు. ఏడున్నర వేల దగ్గర లాభం ఆగిపోయింది అన్నది చావుల లెక్కలో మాత్రమే, బరువు గురించో షుగర్ గురించో కాదు. పైగా ఎక్కువ నడిచినవాళ్ళు ముందునుంచే ఆరోగ్యంగా ఉండి ఉండొచ్చు కదా, అందుకని నడకే కారణం అని గట్టిగా అనలేం అని వాళ్ళే రాసుకున్నారు.

నాకు అన్నిటికంటే బాధనిపించింది ఏంటంటే అసలు వార్త మీ ఐటెమ్‌లో లేకపోవడం. రోజుకి 2,700 అడుగులు నడిచేవాళ్ళతో పోలిస్తే 4,400 నడిచేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. డెబ్భై దాటి మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలనివాళ్ళకి ఇది కదా చెప్పాల్సింది, ఏడున్నర వేలు కూడా అక్కర్లేదమ్మా, ఇప్పుడు నడిచేదానికి ఇంకొంచెం కలిపినా లాభమే అని. ఇంకో తమాషా, ఆ పదివేల అంకె ఎక్కడిదో కూడా అదే పేపర్‌లో ఉంది. 1965 లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటర్ ఒకటి అమ్మారు, దాని పేరు మాన్పొ-కెయ్, అంటే పదివేల అడుగుల మీటర్ అని అర్థం. బహుశా ఆ సరుకు పేరే ప్రపంచమంతా ఆరోగ్య సూత్రంగా పాకిపోయింది అని రాశారు. డాక్టర్లు చెప్పారు అనుకుంటూ నేను ఎన్నేళ్ళు నడిచానో!

ఇది మిమ్మల్ని దెప్పడానికి రాయట్లేదండీ. ఇలాంటి ఐటెమ్‌లు అన్ని పేపర్లలోనూ వస్తాయి. నేను అడిగేది చాలా చిన్న విషయం, చివర్లో చెప్తా, ముందు ఈ వెతుకులాట నాకు ఎలా అబ్బిందో చెప్పాలి, లేకపోతే ఈవిడెవరో పనిలేక కూర్చుని మా తప్పులు పడుతోంది అనుకుంటారు.

ఉద్యోగం మానేశాక యాభై దాటిన వయసులో ఆన్‌లైన్‌లో ఒక డిగ్రీలో చేరా. మొదటి అసైన్‌మెంట్ చాలా బాగా రాశాననుకున్నా, తిరిగొచ్చేసరికి పక్కన ఏడు చోట్ల ఒకే మాట, "ఇది ఎక్కడిది?" "పరిశోధనలు చెబుతున్నాయి" అని రాసినచోట, "నిపుణుల ప్రకారం" అని రాసినచోట, ఒక మహానుభావుడి కొటేషన్ రాసినచోట, అన్నిచోట్లా అదే. నాకు ఉక్రోషం వచ్చింది. అందరూ అలాగే రాస్తారు కదా, పేపర్లోనూ అలాగే ఉంటుంది కదా అని మా అమ్మాయితో అంటే, "అమ్మా, వాళ్ళు రాశారు కాబట్టి నువ్వూ రాస్తావా" అంది. మార్కులు పోయాయి. రెండో సెమిస్టర్‌కి ముందు ఇన్ఫర్మేషన్ లిటరసీ అని లైబ్రరీవాళ్ళ ఆన్‌లైన్ కోర్సు ఆరు వారాలు చేసి తీరాలన్నారు. గూగుల్‌లో వెతకడం కూడా ఆరు వారాలు నేర్పుతారా అని నవ్వుకున్నా, నాకే కాదు చాలామందికి అదే అనిపిస్తుంది, రోజూ చేసే పని కాబట్టి వచ్చేసినట్టే ఉంటుంది.

మొదటి వారం నిజంగానే నిద్రొచ్చింది. ఇన్ఫర్మేషన్ లిటరసీ అన్న మాట ఎవరు పుట్టించారు, నిర్వచనం ఏంటి, ఇదే గోల. 1974 లో పాల్ జుర్కోవ్‌స్కీ అనే ఆయన మొదట వాడాడట, ఆయన లైబ్రేరియన్ కూడా కాదు, సమాచార వ్యాపార కంపెనీల సంఘానికి అధ్యక్షుడు. 1989 లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కమిటీ ఒక రిపోర్టు ఇచ్చింది, దాని సారం ఏంటంటే సమాచారం ఎప్పుడు కావాలో గుర్తుపట్టడం, దాన్ని వెతికి పట్టుకోవడం, మంచిచెడ్డలు తేల్చడం, సరిగ్గా వాడుకోవడం. ఇందులో మొదటిదే అన్నిటికంటే కష్టం అని నాకు తర్వాత తెలిసింది. మనకి తెలియదు అని తెలియడం. నాకు పదివేల అడుగుల గురించి సందేహమే రాలేదు కదా, ఇంక వెతికేదేముంది.

రెండో వారం నుంచి పని మొదలైంది. వెతకడం అంటే బాక్సులో టైప్ చెయ్యడం కాదట, ముందు కాగితం మీద ప్రశ్న రాసుకోవాలట. నేను "నిద్ర" అని రాసుకున్నా. నిద్ర అంటే ఏం నిద్ర, ఎవరి నిద్ర, ఏం తెలుసుకోవాలి అని గుచ్చి గుచ్చి అడిగితే చివరికి "రాత్రి షిఫ్టులు చేసే నర్సులకి నిద్రలేమి వల్ల పనిలో పొరపాట్లు పెరుగుతాయా" అన్నదగ్గర ఆగింది. ఆ వాక్యం మొత్తం తీసుకెళ్ళి డేటాబేస్‌లో ఇంగ్లీషులో కొట్టా, సున్నా ఫలితాలు. గూగుల్ అయితే పాపం మనం ఏం కొట్టినా ఏదో ఒకటి తెచ్చి ముందు పెడుతుంది, డేటాబేస్ అలా కాదు, మొహమాటం లేదు, లేదంటే లేదు. అప్పుడు నేర్పారు, వాక్యంలోంచి ముఖ్యమైన మాటలు మూడు నాలుగు విడదీసి, ఒక్కోదానికి ఇంకేమేం పేర్లున్నాయో రాసుకుని, ఒకే అర్థం ఉన్నవాటి మధ్య ఆర్ (OR), వేరువేరు అర్థాల మధ్య ఆండ్ (AND) పెట్టి కలపాలి, ఒకే అర్థం ఉన్న గుంపుని బ్రాకెట్లో పెట్టాలి. ఆర్ పెడితే ఫలితాలు పెరుగుతాయి, ఆండ్ పెడితే తగ్గుతాయి, ఇది నా బుర్రకెక్కడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే మామూలు మాటల్లో "ఇదీ అదీ కావాలి" అంటే ఎక్కువ రావాలి కదా అనిపిస్తుంది. నాట్ అని ఇంకోటి ఉంది, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది, వద్దన్న మాట ఒక్కసారి కనిపించినా పనికొచ్చే పేపర్ మొత్తాన్ని పక్కన పారేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో జార్జ్ బూల్ అనే లెక్కల మాస్టారు తర్కాన్ని లెక్కల్లోకి దించితే ఇన్నేళ్ళ తర్వాత నేను దాంతో నర్సుల నిద్ర వెతుకుతున్నా.

కోట్స్ మధ్య పెడితే ఆ మాటలు అదే వరుసలో వెతుకుతుంది, మాట చివర నక్షత్రం గుర్తు, అదే స్టార్ (*), పెడితే ఆ మాటతో మొదలయ్యేవన్నీ తెస్తుంది, చైల్డ్ తర్వాత స్టార్ పెడితే చిల్డ్రన్, చైల్డ్‌హుడ్ కూడా వస్తాయి. ఇవన్నీ ఎవరైనా పదినిమిషాల్లో నేర్చుకోవచ్చు, వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

కానీ సబ్జెక్ట్ హెడింగ్స్ గురించి చెప్పాలి, నాకు అదొక అద్భుతంలా అనిపించింది. తెలుగులోనే చూడండి, గుండెపోటు అని ఒకరు రాస్తారు, హార్ట్ ఎటాక్ అని ఒకరు, హార్ట్ అటాక్ అని ఇంకొకరు. మీరు ఒకటి కొడితే మిగతావి రావు. ఇంగ్లీషులోనూ ఇదే తంటా. అందుకని పబ్‌మెడ్‌లో ప్రతి విషయానికీ ఒక అధికారిక పేరు పెట్టుకున్నారు, ఆ పేర్ల జాబితాని మెష్ అంటారు, గుండెపోటు సంగతి ఏ మాటతో రాసినా సరే మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ అనే గూటిలోకే చేరుస్తారు. లైబ్రరీ క్యాటలాగ్‌లో పుస్తకాలకీ అంతే. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931 లో లైబ్రరీకి అయిదు సూత్రాలు రాశారు, అందులో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యి అని. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు మన కోసం ముందే సర్దిపెట్టారు, ఆ సర్దుబాటు తెలియక మనం ఇల్లంతా తిరగేస్తున్నాం.

కోర్సులో అన్నిటికంటే పనికొచ్చింది ఏంటని అడిగితే వీడియోలు కాదు. లైబ్రేరియన్‌తో చాట్. ఒకసారి విసుగెత్తి "నాకు ఏమీ దొరకట్లేదు మేడమ్" అని పెట్టా. ఆవిడ లింకులు పంపుతుందనుకున్నా, తిరిగి ప్రశ్నలు వేసింది. ఎవరి గురించి వెతుకుతున్నారు, ఏ సంవత్సరాల నుంచి కావాలి, ఇప్పటిదాకా ఏమేం మాటలు కొట్టారు, దొరికింది ఎందుకు నచ్చలేదు, ఇది దేనికోసం. చెప్తూ చెప్తూ ఉంటే సగం చిక్కు నా మాటల్లోనే విడిపోయింది. దీన్ని రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారట, లైబ్రేరియన్లకి ప్రత్యేకంగా నేర్పే విద్య. అడిగినవాడికి నిజంగా కావాల్సింది మొదటి ప్రశ్నలో ఉండదు అన్నది వాళ్ళ అనుభవం. ఇరవై అయిదు నిమిషాల చాట్, ఆరు వారాల వీడియోలన్నీ కలిపినా దానికి సాటి రావు. లైబ్రేరియన్ అంటే పుస్తకం ఇచ్చి తీసుకునే మనిషి అనుకున్నా ఇన్నాళ్ళూ, సిగ్గేసింది.

తర్వాత నమ్మడం నమ్మకపోవడం సంగతి. ఇక్కడ కోర్సు మీద నాకు కొంచెం కోపం ఉంది. ఒక చెక్‌లిస్టు ఇచ్చారు, 2004 లో కాలిఫోర్నియాలో ఒక లైబ్రేరియన్ తయారుచేసింది, క్రాప్ టెస్ట్ అని, ఆ మాట ఇంగ్లీషులో చెత్త అని మొరటుగా అన్నట్టు వినిపిస్తుంది, అందుకే ఇంగ్లీషు వచ్చినవాళ్ళు నవ్వుతారు. ఎప్పటిది, మనకి సంబంధించిందేనా, ఎవరు రాశారు, ఆధారాలున్నాయా, ఎందుకు రాశారు, ఇలా అయిదు విషయాలు చూడాలి. నేను ఒక వెబ్‌సైట్ తీసుకుని అన్నీ టిక్కు పెట్టా. తేదీ ఉంది, రచయిత పేరు పక్కన డాక్టర్ అని ఉంది, ఫుట్‌నోట్లు ఉన్నాయి, మా గురించి అని పేజీ కూడా ఉంది, ఫుల్ మార్కులు. తీరా చూస్తే అది మందులు అమ్ముకునేవాళ్ళు నడిపే సైట్. మోసం చేసేవాడికి మాత్రం ఆ చెక్‌లిస్టు దొరకదా ఏంటి, వాడూ చదివే ఉంటాడు, వాడూ అన్నీ టిక్కు పడేలా కట్టుకుంటాడు. పేజీ ఎంత శుభ్రంగా ఉందో పేజీని చూసే తేల్చడం అంటే పెళ్ళికొడుకు గుణం పెళ్ళికొడుకునే అడిగినట్టు.

నాలుగో వారంలో దీనికి విరుగుడు చెప్పారు, మొదటి వారమే చెప్పాల్సింది. స్టాన్‌ఫర్డ్‌లో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అని ఇద్దరు 2017 లో ఒక పని చేశారు. డాక్టరేట్ ఉన్న చరిత్రకారులు 10 మంది, వార్తల్లో నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్ చెకర్లు 10 మంది, స్టాన్‌ఫర్డ్ స్టూడెంట్లు 25 మంది, మొత్తం 45 మందిని కూర్చోబెట్టి వెబ్‌సైట్లు చూపించి ఏది నమ్మొచ్చో చెప్పమన్నారు. అందులో రెండు పిల్లల డాక్టర్ల సంఘాల సైట్లున్నాయి, పేర్లు దాదాపు ఒకలాగే ఉంటాయి. ఒకటి 1930 నుంచి ఉన్న పెద్ద సంఘం, వేలాదిమంది డాక్టర్లున్నది, ఇంకోటి 2002 లో దాన్నుంచి విడిపోయిన చిన్న గుంపు. అంత చదువుకున్న చరిత్రకారుల్లో కూడా కొందరు తడబడ్డారు, స్టూడెంట్లు ఇంకా ఎక్కువ తడబడ్డారు, ఫ్యాక్ట్ చెకర్లు తడబడలేదు. తేడా ఎక్కడుందంటే మిగతావాళ్ళు ఆ పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదువుతూ కూర్చున్నారు, ఫ్యాక్ట్ చెకర్లు కొన్ని క్షణాల్లోనే ఆ పేజీ వదిలేసి పక్కన కొత్త ట్యాబులు తెరిచి ఈ సంఘం గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో చూశారు. దీన్ని లాటరల్ రీడింగ్ అంటారు, నిలువుగా కాకుండా అడ్డంగా చదవడం అన్నమాట. చిన్నప్పటినుంచి మనకి శ్రద్ధగా చదువు, పూర్తిగా చదువు అని నేర్పారు, ఇక్కడేమో ముందు వదిలేసి బయటికెళ్ళు అంటున్నారు, అలవాటు పడటానికి నాకు చాలా కష్టమైంది. మైక్ కాల్‌ఫీల్డ్ అనే ఆయన దీన్నే నాలుగు పనులుగా చేసి సిఫ్ట్ అని పేరు పెట్టాడు, సిఫ్ట్ అంటే జల్లెడ పట్టడం. ఆగు, ఎవరు చెప్తున్నారో చూడు, అదే విషయం ఇంకా మంచిచోట ఎవరైనా రాశారా చూడు, మాట మొదలైన చోటికి వెళ్ళు. నాలుగే. ఇవి గుర్తుంటే చాలు.

ఇందులో నాలుగోది, మొదలైన చోటికి వెళ్ళడం, దాని మీద నాకు జరిగిన పరాభవం చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. ఆధారాలు సరిచూసుకోకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణతో రాయమని అసైన్‌మెంట్ ఇచ్చారు. నాకు పాలకూర కథ తెలుసు, చాలామందికి తెలిసే ఉంటుంది, పందొమ్మిదో శతాబ్దంలో ఒక శాస్త్రవేత్త పాలకూరలో ఐరన్ లెక్కరాస్తూ దశాంశ బిందువు ఒక స్థానం తప్పు పెట్టాడు, దాంతో ఐరన్ పదిరెట్లు ఎక్కువైపోయింది, ఎవరూ సరిచూడలేదు, దశాబ్దాలపాటు లోకమంతా పాలకూర తింది, అని. ఎంత చక్కగా సరిపోయిందో అసైన్‌మెంట్‌కి! రెండు పేజీలు రాసి, చివర్లో "చూశారా ఒక్క చుక్క ఎంత పని చేసిందో" అని గొప్పగా ముగించా. తిరిగొచ్చింది. పక్కన అదే మాట, "ఇది ఎక్కడిది?"

వెతకడం మొదలుపెట్టా. ఒక పుస్తకంలో ఉంటే దానికి ఆధారం ఇంకో వ్యాసం, ఆ వ్యాసానికి ఇంకోటి, తీగ లాగుతూ లాగుతూ పోతే అందరూ చివరికి చేరేది 1981 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హ్యాంబ్లిన్ అనే డాక్టరు రాసిన సరదా వ్యాసం దగ్గరికి. 1930 ల్లో జర్మన్ కెమిస్టులు ఆ చుక్క తప్పు పట్టుకున్నారని ఆయన రాశాడు, కానీ దానికి ఆధారం ఇవ్వలేదు. 2010 లో మైక్ సట్టన్ అనే ఆయన ఆ చుక్క తప్పు కోసం వెనక్కి వెనక్కి తవ్వి, అలాంటి తప్పు జరిగినట్టు ఎక్కడా ఆధారం లేదని రాశాడు. 2014 లో రెక్‌డాల్ అనే నార్వే ప్రొఫెసర్ దీనిమీద ఇంకో వ్యాసం రాశాడు, మూలం చదవకుండా ఒకరి ఫుట్‌నోట్ ఒకరు ఎత్తుకుంటూ పోతే పండితుల్లో కూడా పుకార్లు ఎలా పుడతాయో అని. అంటే ఆధారాలు సరిచూసుకోండి అని చెప్పడానికి అందరూ వాడే కథకే ఆధారం లేదు! నేను దాన్ని ఆధారాలు సరిచూసుకోమని చెప్పే అసైన్‌మెంట్‌లో ఆధారం చూడకుండా రాశా. మా అమ్మాయి అరగంట నవ్వింది. నేను రెండోసారి రాసి ఇచ్చా, ఈసారి నా తప్పే ఉదాహరణగా పెట్టి. పాలకూరలో ఐరన్ ఉంది, కాకపోతే మన ఒంటికి పట్టేది తక్కువ, ఆ సంగతికీ చుక్కకీ సంబంధం లేదు.

ఆ రోజు నుంచి కథ ఎంత అందంగా ఉంటే నాకు అంత అనుమానం.

ఒకసారి మూలం దొరికినా పని అయిపోదు, అది ఇంకా బతికుందో లేదో కూడా చూడాలి. 1998 లో లాన్సెట్ జర్నల్‌లో టీకాకీ ఆటిజంకీ ముడిపెట్టిన పేపర్ వచ్చింది, 12 మంది పిల్లల్ని చూసి రాసింది, దాన్ని జర్నల్ 2010 లో వెనక్కి తీసుకుంది. పన్నెండేళ్ళు. ఇప్పుడు ఆ పేపర్ తెరిస్తే రిట్రాక్టెడ్ అని అడ్డంగా పెద్దక్షరాలతో కనపడుతుంది, కానీ దాన్ని చూసి రాసిన వ్యాసాల మీద, ఫార్వర్డ్‌ల మీద ఆ ముద్ర ఉండదు కదా. పెద్ద జర్నల్‌లో వచ్చింది అంటే కళ్ళు మూసుకుని నమ్మేయొచ్చు అనుకునేదాన్ని, ఇప్పుడు పేజీ పైభాగం ఒకసారి చూసుకుంటున్నా.

డబ్బు కట్టమని అడ్డం పడే పేజీల గురించి కూడా ఒక మాట. మూలం దొరికింది, తెరిస్తే సారాంశం మాత్రమే ఉంది, మిగతాది కొనుక్కోమంటుంది. చాలామంది అక్కడే ఆగి సారాంశం చూసి రాసేస్తారు, మీ రిపోర్టర్లు కూడా చేస్తారేమో నాకు అనుమానం. గూగుల్ స్కాలర్‌లో ఆ పేపర్ కింద అన్ని వెర్షన్లు అని ఉంటుంది, అక్కడ నొక్కితే రచయిత తన యూనివర్సిటీ పేజీలో ఫ్రీగా పెట్టిన కాపీ దొరకొచ్చు. అన్‌పేవాల్ అని బ్రౌజర్‌కి తగిలించుకునేది ఒకటుంది, చట్టప్రకారం ఫ్రీగా ఉన్న కాపీ ఎక్కడుందో చూపిస్తుంది. లైబ్రరీల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఉంది, మన లైబ్రరీలో లేకపోతే ఇంకో లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. ఏదీ కుదరకపోతే రచయితకే మెయిల్ పెట్టాలి, నేను ఇద్దరికి పెట్టా, ఇద్దరూ పంపారు, ఒకాయన అయితే చదివేవాళ్ళున్నారని సంతోషపడ్డాడు.

ఏఐ చాట్‌బాట్‌ల సంగతి రాయకపోతే ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. నేనూ అడిగా, నర్సుల నిద్ర మీద అయిదు పేపర్లు చెప్పమని. చెప్పింది, రచయితల పేర్లు, జర్నల్ పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా, ముత్యాల్లాంటి జాబితా. ఒక్కొక్కటీ వెతికితే రెండే ఉన్నాయి, మిగతా మూడు భూమ్మీద లేవు. జర్నల్ ఉంది, ఆ పేజీలో వేరేవాళ్ళ వేరే వ్యాసం ఉంది. అబద్ధం ఆడటం అంటే నిజం తెలిసి దాచడం, దానికి ఆ బాధ కూడా లేదు, వినడానికి బాగుండేలా మాటలు అల్లుతుంది అంతే. 2023 లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఇలాగే చాట్‌బాట్ చెప్పిన కేసుల్ని కోర్టుకిచ్చారు, అసలు లేని కేసులు, జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశాడు. వెతకడానికి మాటలు సూచించమంటే మాత్రం బాగానే సూచిస్తుంది, నర్సింగ్ పొరపాట్లకి డాక్టర్లు ఏ పదం వాడతారు అని అడిగితే చెప్పింది, అది నాకు నిజంగా పనికొచ్చింది. దారి అడగొచ్చు, సాక్ష్యం అడగకూడదు అని పెట్టుకున్నా నాకు నేను.

మీ పాఠకుల్లో ఎవరైనా ఇలాంటి కోర్సు చేద్దామనుకుంటే నా అనుభవం ఇది. చాలా యూనివర్సిటీ లైబ్రరీలు ఈ పాఠాల్ని, గైడ్‌లని అందరికీ తెరిచే పెట్టాయి, ఫీజు కట్టక్కర్లేదు. కానీ వీడియో చూసి క్విజ్ టిక్కు పెట్టి సర్టిఫికెట్ తీసుకుంటే ఏమీ రాదు, ఈత గురించి వీడియో చూసినట్టే. వాళ్ళిచ్చే రెడీమేడ్ ప్రశ్నలకి సమాధానం ఎలాగూ దొరికేలా పెడతారు, అందులో దొరక్కపోవడం అనే బాధ ఉండదు, అసలు నేర్పేది ఆ బాధే. మీకు నిజంగా కావాల్సిన ప్రశ్న ఒకటి తీసుకుని మొదలుపెట్టండి, ఇంట్లో ఎవరికో డాక్టర్ రాసిన మందు గురించో, మీరు నమ్ముతున్న ఒక సామెతలాంటి సంగతి గురించో. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఏ రోజు ఎక్కడ ఏ మాటలు కొట్టారో, ఎన్ని వచ్చాయో రాసుకోండి, నేను మొదట్లో రాసుకోక ఒకే వెతుకులాట నాలుగుసార్లు చేశా. లైబ్రేరియన్ చాట్ ఉంటే సిగ్గుపడకుండా వాడండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఇంత నేర్చుకున్నాక నాకు ఒక సరదా పుట్టింది. పేపర్లలో వచ్చిన "పరిశోధనలో తేలింది" ఐటెమ్‌లు పన్నెండు కత్తిరించి పెట్టుకుని ఒక్కొక్కదాని మూలం వెతికా. అయిదింటికి దొరికింది. రెండింటికి ఇదేనేమో అనిపించింది గానీ గట్టిగా చెప్పలేను. మిగతా అయిదూ ఎంత వెతికినా ఆనవాలు లేదు, ఎందుకంటే పట్టుకోవడానికి కొస లేదు, "విదేశీ శాస్త్రవేత్తలు" అంటారు, "ఓ అధ్యయనం" అంటారు, ఓ అంటే ఏ ఓ? సమాచారం వెతకడం నేర్చుకోండి, ఫేక్ న్యూస్ నమ్మకండి అని ఎడిటోరియల్ పేజీలో మాకు చెప్తున్నారు, మంచిదే, నేర్చుకున్నాం. నేర్చుకుని వస్తే లోపలి పేజీలో తాళం వేసి ఉంది.

నేను అడిగేది ఒక్క లైను. ఐటెమ్ కింద చిన్న అక్షరాల్లో జర్నల్ పేరు, సంవత్సరం, మొదటి రచయిత పేరు. అంతే. కుదిరితే డీఓఐ నంబర్ ఇవ్వండి, ఇప్పుడు దాదాపు ప్రతి పరిశోధన పేపర్‌కీ ఉంటుంది, పదితో మొదలయ్యే నంబరు, వెబ్‌సైట్ అడ్రస్ మారినా అది మారదు, డీఓఐ సైట్‌లో కొడితే నేరుగా ఆ పేపర్ దగ్గరికే తీసుకెళ్తుంది. ఇంటర్నెట్ ఎడిషన్‌లో అయితే లింకు పెట్టడానికి చోటు సమస్య కూడా లేదు. ఇంకొక్క మాట చేర్చగలిగితే, ఎంతమందిని, ఎలాంటివాళ్ళని చూశారో రాయండి. "సగటున 72 ఏళ్ళ మహిళలు 16,741 మంది" అని రాయడానికి అయిదారు మాటలు పడుతుంది, ఆ మాటలుంటే ఆ ఫోటోలో అమ్మాయిని పెట్టేవాళ్ళు కాదు మీరు కూడా. వార్త రాసినవాళ్ళ దగ్గర ఈ వివరాలు ఉండే ఉంటాయి కదా, లేకుండా ఎలా రాస్తారు? లేకుండానే రాస్తుంటే మాత్రం అది వేరే ఉత్తరం రాయాల్సిన విషయం.

పాఠకులు అవన్నీ చూడరమ్మా అంటారేమో. నిజమే, వెయ్యిమందిలో ఒకరు చూస్తారేమో. అన్నం తినే ప్రతివాడూ పొయ్యి దగ్గరికెళ్ళి చూడడు, కానీ వంటింటి తలుపు తెరిచుంటే వండేవాళ్ళు కాస్త జాగ్రత్తగా వండుతారు. చూసిన ఆ ఒక్కరు తప్పు పట్టి రాస్తే మీకూ మంచిదే, నాలాంటివాళ్ళు రాస్తూనే ఉంటారు.

చోటు లేకపోతే ఈ ఉత్తరాన్ని ఎంతైనా కుదించండి, నా డిగ్రీ గోల, మా అమ్మాయి నవ్వు, చాట్‌బాట్, అన్నీ తీసెయ్యండి ఏమీ అనుకోను. పాలకూర పేరాలో, నడక పేరాలో పేర్లూ సంవత్సరాలూ మాత్రం కొట్టెయ్యకండి, ఎవరైనా వెతుక్కుని నేను రాసింది తప్పని చూపించాలంటే వాళ్ళకి అవే కావాలి.

ఇట్లు
మీ పాఠకురాలు